మూడో చెయ్యి

"పాత స్వెట్టర్‌ది అయ్యుంటుందిలే," అంటూ జ్ఞానశేఖర్ మళ్ళీ మొదటికొచ్చాడు. చర్చి నుంచి వచ్చి భోజనాలకి కూర్చున్న దగ్గర్నుంచీ ఇదే వాదన. పలావు చల్లారిపోతోంది. పెరుగుపచ్చడి గిన్నె మీద మూత కూడా ఎవరూ తియ్యలేదు.

"పాతదెలా అవుతుంది డాడీ? ఉన్ని చూడండి, సైజు చూడండి. బన్నీగాడిదే," అంది షెర్లీ. ప్రసవం సెలవు అయిపోయింది, రేపటి నుంచి ఆమె రోజూ ఆఫీసుకి వెళ్ళాలి. వెళ్ళేలోపు కొడుక్కి అమ్మమ్మ అల్లిన స్వెట్టర్ ఆనించి ఫొటో తీద్దామని అల్లిక బుట్టని బల్ల మీద బోర్లించింది. వెనకభాగం ఒకటి, ముందుభాగాలు రెండు, చేతులు మూడు బయటపడ్డాయి.

"అయితే స్పేర్ అనుకో. బండికి స్పేర్ టైర్ ఉండదా? ఓక్‌విల్ ఫ్యాక్టరీలో ఇన్నేళ్ళుగా కార్లు బిగిస్తున్నాను, నాకు తెలీదా."

"కార్‌కి ఓకే అంకుల్. బన్నీకి స్పేర్ హ్యాండ్ లేదు కదా," అన్నాడు అల్లుడు ఆండ్రూ నవ్వుతూ.

"నేను అల్లలేదు," అంది బాలకుమారి.

షెర్లీ చెంచా పక్కన పెట్టి తల్లి వైపు తిరిగింది.

"నువ్వు కాకపోతే ఎవరమ్మా? ఈ ఇంట్లో సూదులు పట్టేది నువ్వొక్కదానివేగా."

"నేను రెండే అల్లాను. ఎన్ని అల్లానో నాకు తెలీదా?"

ఆండ్రూ తలెత్తి షెర్లీ వైపు చూశాడు. అర నిమిషం కూడా కాదు, చూసి మళ్ళీ పళ్ళెంలోకి తల దించుకున్నాడు. కానీ ఆ చూపు బాలకుమారికి తగలాల్సిన చోట తగిలింది. ఆ చూపు వెనక డేకేర్ ఉంది. పిల్లాడు కడుపులో ఉన్నప్పుడు పేరు రాయిస్తే మొన్న మొన్న వచ్చిన సీటు అది, ఈ సాయంత్రంలోగా ఔనో కాదో చెప్పకపోతే వెనకాల ఉన్నవాళ్ళకి వెళ్ళిపోతుంది. అమ్మమ్మ ఇంట్లో ఉండగా పసివాణ్ణి పరాయివాళ్ళకి ఎందుకు అప్పజెప్పాలి అని నెల రోజులుగా పోరి, అలిగి, ఒక పూట అన్నం మానేసి, ఆఖరికి తన మాట నెగ్గించుకుంది బాలకుమారి. నెగ్గిన మాట మీద ఇప్పుడీ ఊదారంగు చెయ్యి వచ్చి పడింది. బన్నీ కళ్ళు నులుముకుంటున్నాడు. "వీడికి నిద్రొస్తోంది," అని పిల్లాణ్ణి చంకనేసుకుని, రెండో చేత్తో అల్లిక ముక్కలన్నీ బుట్టలో కుక్కుకుని, తినకుండానే మెట్లెక్కింది. వెనక నుంచి "అన్నం తిని వెళ్ళొచ్చు కదా బాలా" అన్న భర్త గొంతు మెట్ల మలుపు దాకా వచ్చి ఆగిపోయింది.

పిల్లాడు భుజం మీదే నిద్రపోయాడు, వాడికి నిద్రపోవడం ఎంత సులువో, తల వాల్చగానే ఒళ్ళంతా ఒక్కసారి బరువెక్కుతుంది, తడిసిన ఉన్నిలాగా. వాణ్ణి మంచం మీద పడుకోబెట్టి, వాడి చేతికి కుందేలుని అందించింది, అది కూడా తను అల్లిందే, తెల్ల ఉన్ని కుందేలు, పసుపు గౌను, వాడు దాని చెవి పట్టుకోకపోతే నిద్రలోనే వెతుక్కుంటాడు. కిటికీ అవతల సన్నగా మంచు పడుతోంది. వీధికి అటువైపు ఇళ్ళ వరస, ఇటువైపు ఇళ్ళ వరస, ఒకే అచ్చులో పోసినట్టు, ఒకటే బూడిదరంగు తలుపులు, ఒకటే గరాజ్‌లు. ఆవిడ కుర్చీలో కూర్చుని మూడు చేతుల్నీ ఒళ్ళో పరుచుకుంది. ఒకటి, రెండు, మూడు. మళ్ళీ లెక్కపెట్టింది, చిన్నపిల్లలా వేలు పెట్టి. మూడే. లెక్కపెడితే తగ్గుతాయా. ఎవరో అల్లి పెట్టారు, అంతే. ఎవరు? కింద బేస్‌మెంట్‌లో అద్దెకుండే చరిత, కాలేజీ లేని రోజుల్లో పైకొచ్చి అల్లిక నేర్చుకుంటూ ఉంటుంది, కరీంనగర్ పిల్ల, ఆ పిల్ల సరదాకి అల్లి బుట్టలో పడేసిందేమో, ఆంటీకి సర్‌ప్రైజ్ అని. ఆ ఊహ రాగానే ప్రాణం లేచొచ్చింది. వెంటనే చరిత మాటే గుర్తొచ్చి మళ్ళీ కూలబడింది. "ఆంటీ, నాకు మఫ్లరే సక్కగ వస్తలేదు, ఈ చెయ్యి నేనేడ అల్లుత," అంటుంది ఆ పిల్ల, నిజమే, దాని అల్లిక చేపల వలలా ఉంటుంది, కుట్ల మధ్య నుంచి వేలు దూరిపోతుంది. ఈ మూడింటిలో ఏ కుట్టులోనూ వేలు దూరదు.

అంచు చూస్తే తెలిసిపోతుంది. చూడాలని లేదు, అయినా చూసింది. ప్రతి వరసకీ మొదటి కుట్టుని రెండుసార్లు లాగి బిగించడం తనకి అలవాటు, అమ్మ నేర్పిన అలవాటు, అమ్మ లేసు దారంతో చేసేది, తను ఉన్నితో చేస్తుంది. అలా బిగించక్కర్లేదని లైబ్రరీలో మంగళవారాలు అల్లే ఆడవాళ్ళు ఎన్నిసార్లు చెప్పినా చెయ్యి వినదు. మొదటి చెయ్యికి ఆ గట్టి అంచు ఉంది. రెండోదానికి ఉంది. మూడోదానికీ ఉంది. ఎవరి నడక వాళ్ళదైనట్టు ఎవరి కుట్టు వాళ్ళది, ఇందులో బుకాయించడానికి ఏమీ లేదు. ఇది తన చేతిపనే. అయితే కింద అందరి ముందూ "నేను అల్లలేదు" అంది. అబద్ధం చెప్పిందా? అబద్ధం అంటే తెలిసి చెప్పేది కదా. తెలియక చెప్పినదాన్ని ఏమంటారు? పొద్దున చర్చిలో పాస్టరుగారు కళ్ళు మూసుకోమన్నప్పుడు తను దేని గురించి ప్రార్థించింది? పిల్లాడి గురించే అయ్యుంటుంది. అయ్యుంటుంది ఏమిటి, పిల్లాడి గురించే. ఇలాగే ఇవాళ ప్రతిదాని మీదా అనుమానం వస్తోంది, ఒక్క పోగు లాగితే వరసలన్నీ కదిలినట్టు.

నిజానికి ఇందులో వింతేముంది. అమ్మ చేతులూ ఇంతే. నర్సాపురం దగ్గర వాళ్ళ పేటలో ఆడవాళ్ళందరూ లేసు అల్లేవారు, కానీ ఏ ఒక్కరూ మొత్తం బల్లగుడ్డ అల్లేవారు కాదు. అమ్మకి పువ్వు వచ్చు, కాబట్టి పువ్వులే. పక్కింటావిడకి ఆకు. ఎవరి ముక్కలు వాళ్ళు అల్లి ఇస్తే అతుకుపని చేసే సుగుణమ్మ అన్నీ తన అరుగు మీద పరుచుకుని ఒకదానికొకటి కలిపేది. అమ్మ అల్లిన పువ్వులు ఏ గుడ్డలో ఎక్కడికి చేరాయో, ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరిచారో అమ్మకి తెలీదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. పప్పు ఉడుకుతూ ఉండగా పువ్వు, ప్రార్థన మీటింగులో పువ్వు, చుట్టాలతో కబుర్లాడుతూ పువ్వు, సూది వైపు చూసేది కూడా కాదు. ఒకటి అవ్వగానే చెయ్యి తనంతట తానే ఇంకోటి మొదలుపెట్టేది, చాలు అనే మాట ఆ చేతికి ఎవరూ చెప్పలేదు, ఆర్డర్లు తెచ్చే ఏజెంటు చెప్పాలి, ఆయన వారానికోసారి వస్తాడు. ఆ చేతులే కదా తనవీ. బొమ్మలైనా టోపీలైనా లైబ్రరీ వాళ్ళు మొదటినుంచీ చివరిదాకా గుండ్రంగా ఒకేసారి అల్లేస్తారు, తను మాత్రం ముక్కలు ముక్కలుగా అల్లి చివర్న కుడుతుంది. రెండో చెయ్యి అల్లడానికి అందరికీ బద్ధకం, ఒంటిచెయ్యి స్వెట్టర్లు బీరువాల్లో పడి ఉంటాయి అని వాళ్ళు నవ్వుకుంటారు. తనకి బద్ధకం లేదు, అంతే, రెండు అయ్యాక మూడు. కిందికి వెళ్ళి ఈ మాట చెబితే సరిపోతుంది. మా అమ్మ కూడా ఇంతే, ఆఖరి రోజుల్లో ఆర్డర్లు ఆగిపోయాక కూడా సంచెడు పువ్వులు అల్లి పెట్టింది అని చెబితే జ్ఞానశేఖర్ పకపకా నవ్వుతాడు, ఆ కథ ఆయనకి ఇష్టం, అత్తగారి పువ్వుల సంచి కథ.

చెప్పొచ్చు. కానీ ఎప్పుడల్లావు అని షెర్లీ అడిగితే? అది పొరపాటు పట్టుకుంటే వదలని పిల్ల. మొదటి చెయ్యి తనకి తెలుసు, క్రిస్మస్ తర్వాత, జ్ఞానశేఖర్‌కి దగ్గు వచ్చి ఇంట్లో ఉన్న వారం, ఆయన మిరియాల కషాయం వద్దని మారాం చేస్తుంటే అల్లింది, మణికట్టు దగ్గర ఒక కుట్టు జారిపోతే విప్పి మళ్ళీ వేసింది. రెండోది కళ్ళ డాక్టరు దగ్గరికి టొరంటో వెళ్ళినప్పుడు లోకల్ ట్రైన్‌లో, ఎదురుగా కూర్చున్న సర్దార్జీ ముసలాయన అల్లికనే చూస్తూ, తన భార్య కూడా అల్లేదని హిందీలో చెప్పి, దిగేముందు దండం పెట్టి వెళ్ళాడు. ఆ కుట్లు ముట్టుకుంటే ఆ దగ్గూ వినిపిస్తుంది, ఆ రైలూ కదులుతుంది. మూడోదాన్ని ముట్టుకుంది. ఏమీ లేదు. వేళ్ళతో మణికట్టు నుంచి భుజం దాకా తడుముకుంటూ వెళ్ళింది, ఏ ఋతువూ లేదు, ఏ మనిషీ లేడు, కుర్చీ ఏదో, వెలుతురు ఎటునుంచి పడుతోందో ఏమీ లేదు. జ్వరంతో ఉన్న ఎవరో తెలియని మనిషి నుదురు తడిమినట్టు ఉంది.

వయసన్నాక మతిమరుపు ఉండదా. అరవై దాటింది. మొన్న బన్నీని పిల్లల బండిలో పెట్టుకుని ఉత్తరాల డబ్బా దాకా వెళ్ళి తిరిగొస్తూ వేరేవాళ్ళ గరాజ్ తాళం మీద తమ నంబర్లు నొక్కింది, తలుపు తెరుచుకోకపోతే విసుగొచ్చి మళ్ళీ మళ్ళీ నొక్కింది, లోపలినుంచి ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి వచ్చి నవ్వుతూ పక్క వరస చూపించింది. అందులో తప్పేముంది, ఈ మిల్టన్ ఊళ్ళో ఇళ్ళు ఎవరు కట్టారో గానీ దేవదూతలు కూడా తికమక పడతారు, జ్ఞానశేఖర్ కూడా ఒకసారి పక్కింటి మెట్లెక్కాడు. ఆయన ఆ సంగతి ఆ రాత్రే అందరికీ చెప్పి నవ్వించాడు. తను ఫిలిప్పీన్స్ అమ్మాయి సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? చెప్పేంత విషయమా అది. కాకపోతే ఎందుకు దాచింది. ముసలివాళ్ళ హోమ్‌లో వంటగదిలో పనిచేసిన రోజుల్లో సూపు గిన్నెలు పట్టుకుని గదులకి వెళ్ళేది, అక్కడ ఒకావిడ ప్రతిరోజూ బస్సు వచ్చిందా అని అడిగేది, ఏ బస్సమ్మా అంటే నవ్వేది. వాళ్ళు భయపడేవారు కాదు, అదే బాలకుమారికి విచిత్రంగా ఉండేది. అందులో ఉన్నవాళ్ళకి అది తెలీదు. మరి తనకి భయంగా ఉంది కదా, భయంగా ఉందంటే బాగానే ఉన్నట్టేనా? ఏది గుర్తు దేనికి? ఎవరిని అడగాలి? దేవుణ్ణి అడుగుదామని కళ్ళు మూసుకుంది, ఏమని అడగాలో తోచక తెరిచింది.

బన్నీ నిద్రలో కుందేలు చెవి వదిలేసి చేత్తో గాల్లో వెతికాడు. ఆవిడ లేచి మళ్ళీ అందించింది, లేస్తూ ఒళ్ళోవి జారిపోతాయని మూడు చేతుల్నీ కిటికీ గట్టు మీద పెట్టింది. మంచు వెలుతురు చెడ్డది, దాని ముందు ఏదీ దాగదు, చీరల కొట్టువాళ్ళకి పనికిరాదు. రెండు చేతులు ఒక ఊదా. మూడోది ఇంకో ఊదా. తేడా ఎంతో లేదు, ఒకే కొమ్మ మీది రెండు నేరేడుపళ్ళకి ఉన్నంత, దీపం కింద భోజనాల బల్ల మీద ఎవరికీ కనపడనంత. కానీ అల్లేవాళ్ళకి తెలుసు, ఒకే నంబరు ఉన్నిలో కూడా ఒక్కో దఫా అద్దకానికి రంగు వెంట్రుకవాసి మారుతుంది, అందుకే కావలసినంతా ఒకేసారి కొనుక్కోవాలి. తను కొనుక్కోలేదు. రెండు చేతులూ అయ్యేసరికి ఉన్ని అయిపోయింది, కాలరు మిగిలిపోయింది, ఆండ్రూ చేత ఇంకో ఉండ తెప్పించింది. "సేమ్ నంబరే ఆంటీ, ఐ చెక్డ్ ట్వైస్," అన్నాడు పాపం, ఇది వేరే దఫా నాన్నా, కాలరుకే కదా, తెలీదులే అని తనే సర్ది చెప్పింది. ఎప్పుడు? షెర్లీ అలవాటు పడాలని వారానికి కొన్ని రోజులు ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టే ముందు రాత్రి. మర్నాడు పొద్దున అందరూ వెళ్ళిపోయి, మొదటిసారి ఇంట్లో తనూ బన్నీ మిగిలారు.

బుట్టలో చెయ్యి పెట్టి కొత్త ఉండ కోసం వెతికింది. కాలరు ఇంకా మొదలుపెట్టలేదు, ఉండ కొబ్బరికాయంత ఉండాలి. చేతికి నిమ్మకాయంతది తగిలింది.

సాయంత్రాలు కాదు. సాయంత్రాలు జ్ఞానశేఖర్ పక్కనే కూర్చుని టీవీ చూస్తూ "కుందేలుకి గౌనేమిటే, దానికి పెళ్ళిచూపులా" అని ఏడిపిస్తూ ఉండేవాడు, షెర్లీ వెళ్ళడం మొదలుపెట్టిన ఈ రెండు వారాలూ సాయంత్రాలన్నీ ఆ పసుపు గౌనుకే సరిపోయాయి, అది గుర్తుంది. అయితే పగళ్ళు. పగళ్ళు ఈ ఇంట్లో తనూ వాడూ. చెయ్యంటే చిన్న పని కాదు, పసివాడిదైనా సరే ఎన్నో గంటలు పడుతుంది. అన్ని గంటలూ తను ఎక్కడో కూర్చుని అల్లింది. అన్ని గంటలూ వాడు ఎక్కడున్నాడు? నిద్రపోయాడు, వాడు పగలు నిద్రపోతాడు కదా. అంతసేపా? మెట్లకి అడ్డుగేటు వేసే ఉందా? మొన్నొకరోజు షెర్లీ వచ్చీరాగానే వాణ్ణి ఎత్తుకుని "డైపర్ ఇంత బరువుగా ఉందేంటమ్మా" అంది, ఇప్పుడే మారుద్దామనుకుంటున్నాను అని తను అంది. ఇంకోరోజు వాడు అరటిపండుని లాక్కుని రెండు చేతులా కుక్కుకుంటుంటే "వీడు మధ్యాహ్నం అన్నం తిన్నాడా" అంది, ఎదిగే పిల్లాడు కదే అని తను నవ్వింది. తిన్నాడా? పప్పన్నం కలిపిన గిన్నె కళ్ళకి కనపడుతోంది, వెండి గిన్నె, నెయ్యి వాసన, కానీ అది ఆ రోజుదా, నిన్నటిదా, షెర్లీ చిన్నప్పటిదా. గిన్నె ఉంది, తినే నోరు కనపడటం లేదు.

అమ్మ పువ్వుల సంచి కథ నవ్వుకోడానికి చెప్పుకునేది. వాళ్ళింట్లో ఇంకో కథ ఉంది, అది నవ్వుకోడానికి కాదు, సాక్ష్యం చెప్పడానికి. తమ్ముడి కొడుకు పాకే వయసులో అమ్మ పక్కనుంచి జారుకుని కాలవ రేవు దాకా వెళ్ళిపోతే, అవతలి గట్టు మీద బట్టలుతికే మనిషి చూసి ఈదుకుంటూ వచ్చి చివరి మెట్టు మీద పట్టుకున్నాడు. ప్రభువు ఆ మనిషిని ఆ వేళకి అక్కడ నిలబెట్టాడని తమ్ముడు ఏటా ఆ రోజు చర్చిలో లేచి సాక్ష్యం చెబుతాడు, అందరూ స్తోత్రం అంటారు. అమ్మ ఆ వేళ ఏం చేస్తోంది? ఎవరూ అడగలేదు. అరుగు మీదే ఉంది అన్నారు. ఒళ్ళో దారపుండ ఉందని, పిల్లాణ్ణి తడిబట్టలతో తీసుకొచ్చి ముందు నిలబెడితే తలెత్తి వీడెవరబ్బాయి అందని తమ్ముడి భార్య ఒకసారి ఎప్పుడో అంటే, కంగారులో అని ఉంటుందిలే అని తనే సర్దేసింది. ఆర్డర్లు ఆగిపోయిన ఏడాది, కాలవ రేవు ఏడాది, రెండూ ఒకటే. ఇన్నేళ్ళూ ఆ ముక్కలు రెండూ ఇంట్లోనే ఉన్నాయి, ఒకటి పెళ్ళిళ్ళప్పుడు తీసేవారు, ఒకటి ఆరాధనలో తీసేవారు. ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు. అమ్మని ఎవరూ తప్పు పట్టలేదు, అంత మంచివాళ్ళు అందరూ. ఇక్కడ ఈ ఇంట్లో కూడా అంత మంచివాళ్ళే, కింద ఒకాయన స్పేర్ టైర్ అంటున్నాడు, ఇంకాసేపు బతిమాలితే కూతురు కూడా పోనీలే అంటుంది. ఈ వీధిలో కాలవ లేదు. మెట్లున్నాయి, పొయ్యి ఉంది, బయట ఒళ్ళు గడ్డకట్టే చలి ఉంది, వాడికి ఈ మధ్యే తలుపు పిడి అందుతోంది.

అయినా తప్పేమో. అంతా తనే అల్లుకుంటోందేమో, వెలుతురు మోసం చేసిందేమో. ఆ మూడు చేతుల్నీ మళ్ళీ వెలుతురులో పెట్టింది. మళ్ళీ తీసింది. బన్నీ కళ్ళు తెరిచి ఏడవకుండా ఆవిడనే చూస్తున్నాడు, ఎంతసేపట్నుంచి చూస్తున్నాడో. "అమ్మమ్మ ఇక్కడే ఉంది నాన్నా," అంది. ఆ మాట తన నోటితో అని, తనే ఆగి విన్నది.

వాణ్ణి ఎత్తుకుని, మూడు చేతుల్నీ బుట్టలో కాకుండా పిడికిట్లో ఇరికించుకుని, మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది. బల్ల శుభ్రం చేసేశారు, ఆవిడ పళ్ళెం మీద ఇంకో పళ్ళెం బోర్లించి ఉంది. జ్ఞానశేఖర్ టీ కలుపుతున్నాడు. షెర్లీ లాప్‌టాప్ తెరిచి కూర్చుంది, ఆండ్రూ ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. ఆవిడని చూడగానే ముగ్గురూ ఒకేసారి వేరే ఏదో మాట్లాడబోయారు.

"బాలా, నేను కనిపెట్టాను. అది కుందేలుది అయ్యుంటుంది," అన్నాడు జ్ఞానశేఖర్, కప్పు అందిస్తూ.

ఆవిడ కప్పు తీసుకోలేదు. బన్నీని ఆండ్రూ చేతికిచ్చింది. మూడు చేతుల్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టి, మూడోదాని ముడతలు అరచేత్తో సాపు చేసింది.

"మూడూ నేనే అల్లాను. ఇదిగో, ఇది ఎప్పుడల్లానో నాకు తెలీదు. వీడూ నేనూ ఇద్దరమే ఉన్నప్పుడు అల్లాను, అంతవరకే తెలుసు," అంది. గొంతు పెంచలేదు, సరుకులు ఏం తేవాలో చెప్పినట్టే చెప్పింది. "షెర్లీ, ఆ డేకేర్ వాళ్ళకి వస్తామని ఇప్పుడే మెయిల్ పెట్టు. రేపు పొద్దున నేను డాక్టరుకి ఫోన్ చేస్తాను. ఆయన చూసి ఏదో ఒకటి తేల్చేదాకా వీణ్ణి నా ఒక్కదాని దగ్గర వదిలి ఎవరూ బయటికి వెళ్ళొద్దు. ఏవండీ, ఈ వారం మీరు సెలవు పెట్టండి."